లైటు పట్టింది నేనే

మా దొడ్డమ్మ సంవత్సరీకం అయిన మర్నాడు, విశాఖపట్నం మహారాణిపేటలోని పెదనాన్నగారి ఇంట్లో సామాన్లు సర్దడానికి కూర్చున్నాం. ఇల్లు బిల్డరుకు అప్పగించే గడువు దగ్గరపడింది. పెదనాన్న కొడుకైన మా అన్నయ్యకు మోకాళ్లు వంగవు కాబట్టి అటక మీదివీ మంచాల కిందివీ లాగి బయటపెట్టే పని నా మీద పడింది. నేనూ కుర్రవాణ్ణేమీ కాను, డెబ్బైకి దగ్గరలో ఉన్నాను. నడిమింట్లో పందిరి మంచం కింద నుంచి ఆకుపచ్చ రంగు ఇనప ట్రంకు ఒకటి లాగి మూత ఎత్తేసరికి, లోపలి నుంచి వచ్చిన వాసనకు అక్కడే చతికిలబడ్డాను. కలరా ఉండలు, తుపాకీకి రాసే నూనె, చెమ్మకు ముగ్గిన ఖాకీ గుడ్డ, సముద్రపు గాలికి ఉప్పు పట్టిన ఇనుము కలగలిసిన ఆ వాసన పీల్చి యాభై ఏళ్లు దాటింది. అయినా నా బుర్ర కంటే ముందు నా చెయ్యి దాన్ని గుర్తుపట్టింది. అది దానంతటదే ట్రంకు ఎడమ మూలకు వెళ్లి, గోనెగుడ్డలో చుట్టిన గుండ్రటి వస్తువును పట్టుకుంది. విప్పి చూడకుండానే అదేమిటో నాకు తెలుసు. పెదనాన్న జీపుకు ఉండే స్పాట్‌లైటు.

ట్రంకులో ఇంకా చాలా ఉన్నాయి. తుపాకీ గొట్టం శుభ్రం చేసే మూడు ముక్కల కడ్డీ, తూటాలు గుచ్చుకునే కాన్వాసు బెల్టు, పేల్చేసిన కాగితపు తూటాలు ఏడెనిమిది కనిపించాయి. ఆ తూటాల ఎర్రరంగు వెలిసిపోయి గులాబీ రంగుకు తిరిగింది, అడుగున ఇత్తడి బిళ్లలకు చిలుం పట్టింది. పైన గోడ మీద మాత్రం, నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉన్న చోటే, రెండు జతల కొమ్ములు ఉన్నాయి. చిన్న జత చుక్కల దుప్పిది, పెద్ద జత కణుజుది, అంటే సాంబరు దుప్పిది. అన్నయ్య వాటికేసి చూసి, "వీటిని ఏం చేద్దాంరా?" అన్నాడు. ఆ మాటకు జవాబు దొరకడానికి మాకు రెండు వారాలు పట్టింది. ఈలోగా నాకు గుర్తొచ్చినవి రాసి పెట్టుకుంటున్నాను.

పెదనాన్న కంకర కాంట్రాక్టరు. 1960 దశకంలో, బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దింపి జపానుకు ఎగుమతి చేయడం కోసం కొత్తవలస నుంచి కిరండూలు దాకా రైలుమార్గం వేశారు. ఆ మార్గం మీద 58 సొరంగాలు ఉన్నాయి, సుమారు 996 మీటర్ల ఎత్తున శిమిలిగుడ స్టేషను ఉంది. ఇప్పుడు అద్దాల పెట్టెలో కూర్చుని అరకు వెళ్లేవాళ్లు ప్రతి సొరంగంలోనూ కేకలు పెడుతూ సరదాపడుతున్నారు కాని, అప్పట్లో ఆ కొండల్లో అంగుళం అంగుళం మందుగుండుతో పేల్చుకుంటూ పోవలసి వచ్చింది. పెద్ద కాంట్రాక్టర్ల కింద చిన్నవాళ్లు, వాళ్ల కింద ఇంకా చిన్నవాళ్లు పనిచేసేవారు. ఆ ఆఖరి వరసలో మా పెదనాన్న ఉండేవారు. టైడా దగ్గర ఆయనకు ఒక రేకుల షెడ్డు, ఒక వంటవాడు, ఒక పాత జీపు ఉండేవి. వేసవి సెలవులు ఇవ్వగానే నన్ను ఆ జీపులో వేసుకుని తీసుకుపోయేవారు.

ఆ షెడ్డులో రోజు మొత్తం చప్పుళ్లతోనే నడిచేది. తెల్లవారకముందే అడవికోళ్లు కూసేవి, ఎండెక్కాక కంకర కొట్టే ఆడవాళ్ల సుత్తుల చప్పుడు మొదలయ్యేది. సాయంత్రం పనివాళ్లందరూ దూరంగా జరిగాక, ఎర్రజెండా పట్టుకున్న మనిషి మూడుసార్లు విజిల్ ఊదేవాడు. తరువాత ఒక్క క్షణం ఏ శబ్దమూ ఉండేది కాదు. అప్పుడు కొండ కడుపులో ఎక్కడో దబ్బుమని మోగి, ఆ మోత ఒక కొండ నుంచి మరో కొండకు తగులుతూ లోయలోకి దిగిపోయేది, షెడ్డు రేకులు చాలాసేపు గజగజలాడేవి. ఆ మోతలు ఆగాకనే పెదనాన్న తుపాకీ బయటికి తీసేవారు. అది పన్నెండు బోరు డబుల్ బ్యారెల్, లైసెన్సు ఉన్నదే. చాప మీద పాత ధోవతి ముక్క పరచి, కడ్డీకి గుడ్డ చుట్టి, నూనెలో ముంచి గొట్టంలో తోసి లాగేవారు. మధ్యాహ్నం ఎండలో తూటాలు వరసగా పెట్టి ఆరబెట్టే పని నాది. కాగితపు తూటా చెమ్మకు ఉబ్బితే గొట్టంలోకి దిగదు, దిగినా తిరిగి రాదు. దుప్పికి వాడే ఎల్.జి. తూటాల్లో పెద్ద రవ్వలు ఉండేవి, చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తే గలగలమనేవి.

వేటకు వెళ్లే రోజును ఆయన పంచాంగం చూసి నిర్ణయించేవారు. దొడ్డమ్మ ఏకాదశులు చూసుకునే పంచాంగమే అది, పట్నం నుంచి వచ్చేటప్పుడు ఆవిడకు చెప్పకుండా తెచ్చేవారు. ఆవిడకు ఏకాదశులు ఎంత ముఖ్యమో ఈయనకు అమావాస్యలు అంత ముఖ్యం. లైటు వేటకు వెన్నెల పనికిరాదు.

నాకు పన్నెండో పదమూడో ఏళ్లు ఉన్న వేసవిలో లైటు పట్టే కుర్రవాడు జ్వరంతో పడుకున్నాడు, ఆ పని నాకు దక్కింది. జీపు ముందు అద్దాన్ని బానెట్ మీదికి మడిచారు. డ్రైవరు పక్కన పెదనాన్న, వాళ్ల వెనక ఇనప కమ్మీ పట్టుకుని నిలబడి నేను, నా వెనక జాడల తాత. ఆయన అనంతగిరి పైనున్న ఒక కొండ పల్లెవాడు. నేలమీద గుర్తులు చూసి ఏ జంతువు ఎప్పుడు ఎటు పోయిందో చెప్పేవాడు కాబట్టి మేము అలా పిలిచేవాళ్లం, అసలు పేరు నాకు ఎప్పుడూ తెలియదు. బ్యాటరీ నుంచి వచ్చే తీగ నా కాళ్ల సందున ఉండేది. "కళ్లు దొరికేదాకా తిప్పుతూ ఉండు. దొరికాక మాత్రం తిప్పకు," అని పెదనాన్న చెప్పిందొక్కటే నాకు అందిన శిక్షణ.

చీకట్లో లైటు తిప్పుతూ పోతుంటే అడవి అంతా కళ్లే. రోడ్డు మీద కూర్చునే ఏదో పిట్ట కళ్లు నిప్పుకణికల్లా ఎర్రగా ఉండి, జీపు దగ్గరకు రాగానే గాలిలోకి లేచిపోయేవి. నేలకు జానెడు ఎత్తున కనిపిస్తే "చెవులపిల్లి," అని తాత నా వీపు వెనక గొణిగేవాడు. చాలాసేపటికి, కొండదిగువన కోసేసిన చేను అంచున, నా నడుమెత్తులో రెండు పచ్చటి చుక్కలు వెలిగాయి. తాత ఏమీ అనలేదు, నా భుజం మీద ఒక వేలు పెట్టాడు. జీపు ఆగింది కాని ఇంజను ఆగలేదు.

మగదుప్పి. ముందుకాలు ఒకటి ఎత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వీపు మీది తెల్లచుక్కలు బియ్యప్పిండితో పెట్టినట్టు విడివిడిగా కనిపిస్తున్నాయి. మేస్తూ మేస్తూ ఆగినట్టుంది, నోటి పక్కన గడ్డిపరక ఒకటి వేలాడుతోంది, ముక్కు తడిగా మెరుస్తోంది. ఇంజను చప్పుడుకు ఒక చెవి మావైపు తిరిగింది, మళ్లీ వెనక్కి తిరిగింది, మళ్లీ మావైపు తిరిగింది. కళ్లు మాత్రం లైటును వదల్లేదు. పారిపోవాలని చెవికి తెలిసిన సంగతి కళ్లకు తెలియడం లేదని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు నాకు అనిపించిందల్లా నా చెయ్యి కదలకూడదన్న ఒక్క సంగతే. తుపాకీ పేలింది. చుక్కలు ఆరిపోయాయి.

"నీ చెయ్యి వణకలేదురోయ్!" అని పెదనాన్న వెనక్కి తిరిగి నా తొడ మీద చరిచారు. అప్పటిదాకా ఎవరూ నన్ను అలా మెచ్చుకోలేదు, లెక్కల్లో నూటికి తొంభై వచ్చినప్పుడు కూడా. జీపు దిగి దుప్పి దగ్గరకు నడిచేటప్పుడు అడుగులు లెక్కపెట్టాను. ఎందుకు లెక్కపెట్టానో చెప్పలేను, ఆ వయసులో మెట్లూ కరెంటు స్తంభాలూ కూడా లెక్కపెట్టేవాణ్ణి. పద్నాలుగు అడుగులు, అవి కూడా పిల్లవాడి అడుగులు. తాత ముందుగా దాని నోట్లోంచి గడ్డిపరక లాగి పారేశాడు. తరువాత నావైపు చూసి, "ఎలుతురు ఏస్తే ఎక్కడికెల్తాది బావూ, కళ్లు మూసుకోడం దానికి తెల్దు," అన్నాడు. నిందలా అనలేదు. వాన వస్తే తడుస్తామన్నట్టు అన్నాడు.

మర్నాడు మాంసం అడ్డాకుల పొట్లాల్లో మహారాణిపేటకు దిగింది. ఆ ఆకు వాసనా పచ్చిమాంసం వాసనా కలిసి ఘాటుగా, కొంచెం తియ్యగా ఉండేది. దొడ్డమ్మ దాన్ని వంటింటి గడప తొక్కనిచ్చేది కాదు. పెరట్లో మూడు ఇటుకలు పెట్టి వంటవాడే వండేవాడు, మిగిలినదానికి ఉప్పూ పసుపూ పట్టించి తీగల మీద ఆరవేసేవాడు. తీగ కింద కాకుల్ని తోలే కాపలా నాది. పొట్లాలు మోసుకెళ్లి ఇళ్లకు ఇచ్చేదీ నేనే. మా డాక్టరుగారికి ఒకటి, బిల్లులు పాసు చేసే ఆఫీసులో హెడ్‌క్లర్కుకు కాస్త పెద్దది, వీధి చివర ప్లీడరుగారికి ఒకటి. ప్రతి గుమ్మంలోనూ "ఎక్కడ కొట్టారు?" అనీ "ఎంత బరువు తూగింది?" అనీ అడిగారు. ఎలా కొట్టారని ఒక్కరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి పొట్లాలు మోసేవాడు సిద్ధంగానే ఉన్నాడు.

వేట కథ చెప్పడం పెదనాన్నకు వేట కంటే ఇష్టం. వీధి అరుగు మీద పడకకుర్చీ, పక్కన కూజా, ఎదురుగా బెంచీ మీద నలుగురు ఉండాలి. మొదటి ఏడాది కథలో జీపు ఉండేది, లైటు ఉండేది, నేనూ ఉండేవాణ్ణి. "వీడే, ఈ గుంటడే, గోడకు మేకు కొట్టినట్టు నిలబెట్టాడు లైటు," అని నన్ను పిలిచి చూపించేవారు. రెండో ఏడాదికి దూరం నలభై గజాలైంది. ఆ తరువాత వంద గజాలైంది, దుప్పి నిలబడి లేదు, చేనుకు అడ్డంగా పరుగెడుతోంది. ఇంకో రెండేళ్లకు జీపు రోడ్డు మీదే ఉండిపోయింది, పెదనాన్న ఒక్కరే వాగు దాటి నడిచి వెళ్లారు. కథలో ఎక్కడో లైటు ఆరిపోయింది, లైటుతో పాటు నేనూ పోయాను. నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో నాకు బాధ కలిగించింది ఆయన కోతలు కోయడం కాదు. నన్ను తీసేయడం.

కణుజు కొమ్ముల కథ వేరు. దానికి సాక్షులు లేరు, నేను పుట్టకముందు జరిగిందని చెప్పేవారు. మూడు రోజులు వెంటాడి, జలగలు పట్టిన కాళ్లతో, ఒక్క తూటాతో పడగొట్టిన కణుజు అది. ఒక్కో కొమ్ముకు మూడేసి కొనలు, మొదట్లో నా మణికట్టంత లావు, మర్రి ఊడలా గరుకైన బెరడు. కుడి కొమ్ము ఎడమదాని కంటే నాలుగు వేళ్లు పొట్టి. ఎందుకని ఒకసారి అడిగాను. "పోట్లాటలో అరగదీసుకుంది. మహా పొగరుబోతు," అన్నారు.

జాడల తాత దగ్గర నేను విన్న కథ ఒకటుంది. ఏటా చైత్రంలో ఆ కొండల్లో ఇటుకల పండుగ జరుగుతుంది. విత్తనాలకు పూజ చేస్తారు, రాత్రుళ్లు థింసా ఆడతారు, మగవాళ్లు జట్టుగా వేటకు పోతారు. ఏదో ఒకటి కొట్టి తెస్తే మేళతాళాలతో ఊళ్లోకి తీసుకొస్తారు, ఒట్టి చేతులతో వస్తే ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి, నోటికొచ్చినట్టు ఎగతాళి చేసి ఏడిపిస్తారు. ఇప్పటికీ ఆ రోజుల్లో అరకు వైపు వెళితే రోడ్డుకు అడ్డంగా కర్ర పెట్టి, బండ్లు ఆపి డబ్బులు అడుగుతూ పాటలు పాడే ఆడవాళ్లు కనిపిస్తారు. ఒక పండుగకు మేము షెడ్డులోనే ఉన్నాం. పెదనాన్న నన్ను తాత పల్లెకు తీసుకెళ్లారు. మగవాళ్లు అడవికి పోయి మూడో రోజు. ఆడవాళ్లు కుండల్లో పేడనీళ్లు కలుపుకుని, చీర కొంగులు దోపుకుని, ఊరి మొదట చింతచెట్టు కింద బారులు తీరి ఉన్నారు. వాళ్ల ముఖాల్లో ఉత్సాహం చూస్తే మగవాళ్లు ఒట్టి చేతులతో రావాలనే కోరుకుంటున్నారేమో అనిపించింది.

పొద్దు వాలాక డప్పు వినిపించింది. వరసగా దిగి వస్తున్న మనుషుల మధ్య ఒక బొంగుకు కట్టిన కణుజు వేలాడుతోంది. చూడగానే ఆడవాళ్లు కుండలు నేలమీద బోర్లించేసి పాట ఎత్తుకున్నారు. ఆ పాట నాకు అర్థం కాలేదు కాని, దాని కింద నడిచి వచ్చేవాళ్ల నడక మారిపోవడం చూశాను. ఎంతో అలిసిపోయినవాళ్లు ఛాతీలు విరుచుకున్నారు. అప్పుడు ఒక ముసలావిడ దగ్గరగా వచ్చి, కణుజు చుట్టూ తిరిగి, ఏదో అడిగింది. అందరూ గొల్లున నవ్వారు. వెనక కుడి తొడ లేదు. తాత ఏదో జవాబు చెప్పాడు, మళ్లీ నవ్వులు.

ఆ రాత్రి నెగడు దగ్గర నాకు తెలుగులో చెప్పాడు. రెండు రోజులు తిరిగినా ఏమీ దొరకలేదట. మూడో రోజు తెల్లవారుతూ వాగులో రేచుకుక్కలు ఈ కణుజును పడగొట్టి తింటూ కనిపించాయట. ఇరవైమంది కేకలు వేసి రాళ్లు విసిరితే అవి వెనక్కి తగ్గి, బండ మీద కూర్చుని, ఈలలు వేసుకుంటూ చూస్తూ ఉన్నాయట. "ముసల్ది ఏటడిగింది తాతా?" అన్నాను. "తొడేదీ అంది. అడివికిచ్చినాం అన్నాను," అని చుట్ట వెలిగించుకున్నాడు. పెదనాన్నకు ఈ సంగతి నేనే మోశాను. ఆయన కడుపు చెక్కలయ్యేలా నవ్వారు. "కుక్కలు కొట్టినదానికి వీళ్లు డప్పులు కొట్టుకున్నారురా!" అని పట్నంలో అరుగు మీద ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. వర్షం వస్తే కుర్చీ లోపలికి జరిపి, నడిమింట్లో ఆ కణుజు కొమ్ముల కింద కూర్చుని కూడా చెప్పేవారు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మొదట్లో అది వేటను పూర్తిగా ఆపలేదు, లైసెన్సు మీద కొన్నిటిని వేటాడనిచ్చింది, 1991 సవరణతో ఆ లైసెన్సుల అంకం ముగిసింది. కాని మొదటి చట్టంలోనే పదిహేడో సెక్షను ఎలా వేటాడకూడదో చెప్పింది. పొట్లం అందుకున్న ప్లీడరుగారే ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని దాన్ని చదివి, ఒక్కొక్కటీ తెలుగులో చెప్పారు. బండి మీద నుంచి వేటాడకూడదు. దీపం వేసి కొట్టకూడదు. రాత్రిపూట వేటాడకూడదు. నీళ్లు తాగే చోటా ఉప్పునేల దగ్గరా పొంచి కొట్టకూడదు. వలలు, ఉచ్చులు, గోతులు, విషాలు పనికిరావు. జింకల మీదికి కుక్కల్ని వదలకూడదు. పెదనాన్న మొదట తల ఊపుతూ విన్నారు, తరువాత తల ఊపడం మానేశారు. చివరికి, "మనం చేసినవన్నీ ఒక్కచోట రాసిపెట్టారండీ," అన్నారు. అరుగు మీద పెద్ద నవ్వు. ఆ నవ్వులో నేనూ ఉన్నాను. తుపాకీ ఆ తరువాత గోడ దిగింది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా పోలీసు స్టేషనులో అప్పగించి తెచ్చుకోవడం తప్ప దానికి వేరే ప్రయాణం లేకుండా పోయింది, కొన్నేళ్లకు లైసెన్సు కూడా వదిలేశారు. కథ మాత్రం అరుగు దిగలేదు.

నా కథ కూడా ఒకటి చెప్పాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయం హాస్టలులో మొదటి సంవత్సరం, కొత్తవాళ్లందరూ తమ గొప్పలు చెప్పుకుంటున్న రాత్రి, నేను దుప్పిని కొట్టిన కథ చెప్పాను. తుపాకీ నా చేతిలో ఉంది. జీపు లేదు, లైటు లేదు, వెన్నెల మాత్రం పుష్కలంగా ఉంది. పెదనాన్న నన్ను కథలోంచి తీసేసినందుకు నేను ఆయన్ను తీసేశాను, లెక్క సరిపోయింది. అందరూ నోళ్లు తెరుచుకుని విన్నారు. పాడేరు వైపు నుంచి వచ్చిన కుర్రవాడు ఒకడు మాత్రం, మంచం పట్టె మీద మోచేయి ఆనించి, "గాలి ఎటు వీస్తోంది?" అని అడిగాడు. నాకు జవాబు తట్టలేదు. నడిచి వెళ్లి దుప్పిని కొట్టినవాడికి అన్నిటికంటే ముందు తెలియవలసింది గాలి, మన వాసన దాని ముక్కుకు చేరితే ఇంకేమీ మిగలదు. జీపులో పోయేవాడికి గాలితో పనేముంది? అతను నన్ను రెండోసారి అడగలేదు. చిన్నగా నవ్వి అటు తిరిగి పడుకున్నాడు. నాలుగేళ్లు ఒకే హాస్టలులో ఉన్నాం, ఆ సంగతి ఎవరి దగ్గరా ఎత్తలేదు. ఆ మర్యాదకు నేను ఇవాళ్టికీ సిగ్గుపడతాను. అయినా సెలవులకు వెళ్లినప్పుడు ఇంకో చోట అదే కథ చెప్పాను, ఈసారి గాలి కూడా చేర్చి.

కంబాలకొండ పక్కన జూ 1977లో తెరిచారు. అన్నయ్య కొడుకు నాలుగేళ్లవాడుగా ఉన్నప్పుడు పెదనాన్నను కూడా తీసుకుని వెళ్లాం. అప్పటికి ఆయనకు కంటి ఆపరేషను అయింది, లావు అద్దాలు వచ్చాయి. దుప్పుల ఆవరణ దగ్గర తీగకు ఆనుకుని నిలబడి, కింద రాలిన ఆకుల కొమ్మ ఒకటి తీసి లోపలికి చాపారు. ఒక మగదుప్పి తిన్నగా వచ్చి ఆ ఆకులు తినసాగింది. దాని ఊపిరి వేళ్లకు తగులుతోందని చెప్పి నవ్వారు. అలా తినిపిస్తూనే మనవడితో, "దీన్ని కొట్టాలంటే నాలుగు మైళ్లు నడవాలిరా, మాటలు కాదు," అన్నారు. వాడు దుప్పినీ తాతనూ మార్చి మార్చి చూశాడు. ఆ కంబాలకొండ ఒకప్పుడు విజయనగరం రాజుల అధీనంలో ఉండేది. 2002లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు, డెబ్బై చదరపు కిలోమీటర్ల పైచిలుకు. అప్పటికి పెదనాన్న పోయారు.

ఇక కొమ్ముల సంగతి. ఇలాంటివి ఇంట్లో ఉన్నవాళ్లు వెల్లడించుకోవడానికి 2003లో ప్రభుత్వం నూట ఎనభై రోజుల గడువు ఇచ్చింది. దొడ్డమ్మ ఆ కాగితం మాట విననే లేదు, అన్నయ్య విని మర్చిపోయాడు. అమ్మకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు, కొత్త ఫ్లాటులో గోడకు తగిలించుకుంటే చూసినవాడెవడైనా ఫోను చేస్తాడన్న భయం ఒకటి. చివరికి తెలిసిన లాయరును కనుక్కుని, రెండు జతలనూ దుప్పటిలో చుట్టుకుని, అటవీశాఖ వాళ్లకు స్వయంగా అప్పగించడానికి ఆటోలో బయలుదేరాం. దారిలో అన్నయ్య ఆ మూటను ఒడిలో పెట్టుకుని, చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

అక్కడ సెక్షను ఆఫీసరు చిన్నవాడు, మర్యాదస్థుడు. మా వయసు చూసి కుర్చీలు వేయించాడు, మజ్జిగ తెప్పించాడు. పాతకాలం సొమ్ము కాబట్టి భయపడవద్దని చెప్పి, కొమ్ములను బల్ల మీద పెట్టించుకుని టేపుతో కొలవసాగాడు. చిన్నవాటిని తిప్పి చూసి, అడుగున పుర్రె ఎముక ముక్క అతుక్కుని ఉండడం చూసి, కాగితం మీద ఏదో రాసుకున్నాడు. పెద్దవాటిని వాటి చెక్క పలక నుంచి విప్పమన్నాడు. అటెండరు మరలు తిప్పి విప్పి, అడుగుభాగం పైకి పెట్టాడు. ఎముక ముక్క ఏమీ లేదు. గరుకు వలయం మధ్యలో, నదిలో దొరికే గులకరాయిలా కొంచెం ఉబ్బెత్తుగా, నున్నగా ఉంది.

"ఇవి రాలిన కొమ్ములండీ," అన్నాడు ఆఫీసరు. "దుప్పులకు ఏటా కొమ్ములు రాలి కొత్తవి వస్తాయి కదా. అడవిలో ఏరుకున్నవి అయి ఉండాలి, లేదా సంతలో కొన్నవి. పైగా రెండూ ఒకే దుప్పివి కూడా కావు. చూడండి, కుడిది పొట్టి, బెరడు కూడా వేరు."

నాకు దొడ్డమ్మ కళ్లజోడు పెట్టుకునే పెట్టె గుర్తొచ్చింది. గంధపు చెక్క మీద కొమ్ము పలకలు అతికించిన పాతకాలం విశాఖపట్నం పెట్టె. ఆ పనికి ఈ ఊరు ఒకప్పుడు ఎంత పేరుపడిందంటే అలాంటివి లండన్ మ్యూజియంలో కూడా ఉన్నాయి. ఏనుగు దంతంతో పాటు దుప్పి కొమ్మూ కొని కోసి వాడేవారు. కొమ్ములు సంతల్లో తూకానికి దొరికిన ఊళ్లో, ఒక కంకర కాంట్రాక్టరు రెండు కొమ్ములు కొనుక్కుని మరలతో బిగించుకోవడం ఎంత పని! మూడు రోజుల వెంటాట, జలగలు, ఒక్క తూటా అన్నీ ఆ బల్ల మీద తలకిందులుగా పడి ఉన్నాయి. రేచుకుక్కల కణుజును మోసుకొచ్చిన మనిషి కనీసం అడవికి ఒక తొడ ఇచ్చానన్నాడు.

అన్నయ్య ముఖం ఎర్రబడింది. "లేదండీ," అన్నాడు, "మా నాన్నగారు కొట్టినవే ఇవి. ఆయనకు ఈ జిల్లాలోనే పేరున్న గురి. మీరేదో పొరబడుతున్నారు." ఆఫీసరు కలం బల్ల మీద పెట్టి, "సార్, మీరలా గట్టిగా అంటే నేనూ అలాగే రాయాల్సి వస్తుంది. రాలినవనే రాసుకుందాం," అన్నాడు. అన్నయ్య వినలేదు. డెబ్బై అయిదేళ్ల మనిషి, అటవీశాఖ వాళ్ల ఆఫీసులో కూర్చుని, తన తండ్రి దుప్పిని చంపాడని ఒప్పుకోమంటూ వాళ్లతో వాదించాడు. గొంతు వణుకుతోంది. చివరికి నావైపు తిరిగి, "నువ్వు చెప్పరా! నువ్వు జీపులో ఉన్నావు కదా!" అన్నాడు.

"ఉన్నాను. లైటు పట్టింది నేనే," అన్నాను. చిన్న జతను ముందుకు జరిపి, "అది ఈ దుప్పికండీ," అన్నాను.

ఆఫీసరు ఊపిరి పీల్చుకున్నాడు, రాతపని కొనసాగించాడు. అన్నయ్య మజ్జిగ గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నాడు. కాగితాల మీద సంతకాలు అయ్యాక, కొమ్ములు లోపలి గదిలోకి వెళ్లిపోయాక, మమ్మల్ని గుమ్మం దాకా సాగనంపుతూ ఆఫీసరు ఊరికే, కుతూహలం కొద్దీ, "ఇంతకీ ఆ చుక్కల దుప్పిని ఎంత దూరం నుంచి కొట్టారండీ?" అని అడిగాడు.

అన్నయ్య తల ఎత్తి నావైపు చూశాడు. పద్నాలుగు అడుగులు నా నోటిదాకా వచ్చాయి.

"వంద గజాలుంటుందండీ," అన్నాను.